పచ్చిక కింద పేర్లు

కథను మనం రెబెక్కా దాచిపెట్టిన ఒక మాట దగ్గర వదిలాం. అక్కడి నుంచే అందుకుందాం.

శంషాబాద్ బస్టాండుకు ఎదురుగా, ఎస్టీడీ బూతు మీదున్న గదిలో పెద్దమ్మ కొడుకు కరుణ్‌తో కలిసి వెబ్‌సైట్లు చేసే పిల్ల రెబెక్కా. తుక్కుగూడ కోళ్ళ ఫారానికి పసుపు రంగు సైటు, బుద్వేల్ పూలమొక్కల నర్సరీకి ఆకుపచ్చది, బ్యాండు మేళం వాళ్ళకు ఎర్రది. ఎవరి వ్యాపారానికి తగ్గ గుర్తు వాళ్ళకు గీసి, తగ్గ రంగు పూసి ఇంటర్నెట్టులో ఎక్కించేది. ఆ ఇంటర్నెట్టు అంటే ఏమిటో పని ఇచ్చినవాళ్ళలో సగం మందికి తెలియదు. తెలియనిదాన్ని గొప్పదనుకోవడం మన వాళ్ళకు అలవాటే కదా, అందుకే పని దొరికేది.

అలా వచ్చినవాళ్ళలో ప్లాట్ల వ్యాపారి కొండల్ ఒకడు. ఈ పక్కకు ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట పుట్టినప్పటి నుంచి ఆయన కాలు నేల మీద ఆనడం లేదు. సైటు చెయ్యమన్నాడు గాని మొదటి పేజీకి ఫోటో ఇవ్వలేదు. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ఫోటో రాకపోతే ఆ చోటు బోసిగా కనబడకుండా, ప్రస్తుతానికి ఏదో ఒకటి పెట్టి చూపిస్తారు. అసలుది వచ్చాక దాన్ని తీసేస్తారు. రెబెక్కా తన ఇంట్లో ఉన్న రెండేళ్ళ కిందటి ఈస్టర్ ఫోటో ఒకటి పెట్టింది. అది తొండుపల్లి క్రైస్తవుల సమాధుల తోట. అందులోని ఇరవై మూడు సిలువలనూ, వాటి ముందున్న కొవ్వొత్తులనూ, పక్కన నిలబడ్డ మనిషినీ కంప్యూటర్లో చెరిపేసింది. ఎండిన గడ్డికి పచ్చరంగు వేసింది. కొండల్ వచ్చి చూసి, "గిదే ఉంచు" అన్నాడు. ఎక్కడిదని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ చెప్పకపోవడమే ఇప్పుడు మెట్లెక్కి వస్తోంది.

గురువారం పొద్దున పది దాటింది. ఫారం యజమానికి కోడిపుంజు తోక నచ్చలేదని మూడోసారి కబురొస్తే, రెబెక్కా ఆ తోకకు రంగు మారుస్తూ కూర్చుంది. కరుణ్ ఫోన్ తీగను మోడెంకు తగిలించి, లైను కలవక మోడెంను తిట్టుకుంటున్నాడు. అంతలో రెబెక్కా నాన్న జయశీలన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

నాన్న ఈ గదికి రావడం అరుదు. ఆయన ముప్పై ఏళ్ళుగా దుకాణాల బోర్డులు రాసిన మనిషి. ఇప్పుడు అందరూ కంప్యూటర్ స్టిక్కర్లు అతికించుకుంటుంటే ఆయనకు ఈ యంత్రమంటేనే పడదు. అయినా "నా బిడ్డ చేసేది గూడ మన పనే, గోడ మారిందంతే" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. తొండుపల్లి క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా ఆయనే. ఈ పొద్దు ఆయన ముఖంలో ఆ గొప్ప ఏమీ లేదు.

చేతిలో ఉన్న రంగుల కాగితం మడత విప్పి, తెచ్చి కీబోర్డు మీద పరిచాడు.

"ఇదేంది బిడ్డా?"

"కొండల్ సార్ పాంప్లెట్ బాపూ. మన సైటులో ఉన్న ఫోటోనే."

"పాంప్లెటని నాకు తెల్వదా? జాగా ఏడిది అని అడుగుతున్న."

రెబెక్కా కాగితం వైపు చూసింది. ఫోటోలో ఒక మూల వంగిన వేపచెట్టు, దాని పక్కన పడిపోయిన రాతిగోడ ఉన్నాయి. ఆ రెండూ చెరపాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. తొండుపల్లిలో పుట్టినవాళ్ళెవరైనా ఆ చెట్టును చీకట్లో కూడా గుర్తుపడతారు.

"మీ అమ్మ ఏడున్నది గీండ్ల? వేలువెట్టి చూపియ్యి."

"బాపూ..."

"చూపియ్యి అన్న."

ఆమె వేలు పెట్టింది. వెతుక్కోవాల్సిన పని లేదు. వేపచెట్టుకు ఎడమ పక్క, వెనక వరసలో మూడో సమాధి అమ్మది. కాగితం మీద అక్కడ నున్నటి పచ్చిక ఉంది.

ప్రతి ఏడూ ఈస్టర్‌కు వారం ముందు ఊళ్ళో క్రైస్తవులంతా ఆ తోటకు పోతారు. ముళ్ళకంప కొట్టి, సమాధులకు సున్నం వేస్తారు. జయశీలన్ సన్న కుంచె పట్టుకుని ఒక్కో సిలువ మీద వెలిసిపోయిన పేరును మళ్ళీ నల్లరంగుతో దిద్దుతాడు. ఇరవై మూడు పేర్లు. రంగుడబ్బా పట్టుకుని పక్కన నిలబడేది రెబెక్కా, ఆరేళ్ళ వయసు నుంచీ. అక్షరాల ఒంపు, అక్షరానికీ అక్షరానికీ మధ్య వదలాల్సిన చోటు, ఏ రంగు పక్కన ఏ రంగు నిలబడుతుందో, అన్నీ ఆమెకు అక్కడే వచ్చాయి. ఈ పొద్దు ఆమె తింటున్న కూడు ఆ తోట పెట్టిందే. కంచే చేను మేసిందంటే ఇదే మరి.

"ఎట్ల చేసినవ్?" జయశీలన్ గొంతు పెంచలేదు. "నేను కుంచెతోని రాసిన పేర్లు ఎట్ల తుడిచినవో జర చెప్పు. నేను గూడ నేర్చుకుంట."

"పక్కనున్న గడ్డిని ఎత్తి సిలువ మీద అద్దుతరు బాపూ. కొంచెం కొంచెం."

"చేతులెట్ల వచ్చినయే నీకు?"

"రాలే. అందుకే అమ్మది ఆఖరుకు చేసిన."

నిజం చెబితే బరువు తగ్గుతుందంటారు. రెబెక్కాకు తగ్గలేదు. ఆ మాట తన నోటి నుంచి తనే విన్నాక ఇంకా అసహ్యం వేసింది.

కరుణ్ కుర్చీ తిప్పాడు. "ఉత్త ఫోటోనే గద చిన్నాయనా! సైటులో ఏం పెడితే ఏంది? తోట తోటనే ఉన్నది, ఏడికీ పోలే."

"పోలేదా?" జయశీలన్ అతని వైపు తిరిగాడు. "కొండల్ మండలాఫీసుల అర్జీ వెట్టిండు. అది ఖాళీ సర్కారు జాగా అంట. ఆని ప్లాట్లకు బాట కావాల్నంట. గీ ఫోటో దానికి కుట్టిండు, కంప్యూటర్ల గూడ గిట్లనే ఉన్నదని. ఎల్లుండి ఆఫీసరు సార్ వచ్చి జాగా చూస్తడట."

రెబెక్కాకు అప్పుడు అర్థమైంది. కొండల్ ఆ రోజు ఫోటో ఎక్కడిదని ఎందుకు అడగలేదో. ఆయన ప్లాట్ల హద్దు ఆ రాతిగోడే. చూడగానే గుర్తుపట్టాడు. తను చేసిచూపిస్తే తప్ప, ఆ చోటు సిలువలు లేకుండా ఎలా ఉంటుందో ఆయనకూ తోచి ఉండేది కాదేమో.

"చూడనీ, మంచిదే గద," అన్నాడు కరుణ్. "ఆఫీసరొస్తే సిలువలు కండ్లకు కనవడ్తయి. ఫోటో అబద్ధమని ఆయనకే తెలుస్తది."

"ఇప్పటికే ఏడు కనవడ్తలేవు."

జయశీలన్ పాంప్లెట్‌ను కరుణ్ ముందుకు జరిపాడు.

"పొద్దుగాల పోయి చూసిన. బాట దిక్కు ఏడు సిలువలు పీకేసిండ్రు. మన్ను చదును చేసి ఏడికెల్లో గడ్డిచెక్కలు తెచ్చి పరిచిండ్రు. వానలు పడ్తున్నయి, రెండు దినాలైతే అతుక్కుంటది." జయశీలన్ పాంప్లెట్ మీద అరచేత్తో కొట్టాడు. "నువ్వు ఎట్ల గీసినవో అట్లనే చేస్తుండ్రు బిడ్డా. దీన్ని ముంగట వెట్టుకొని చేస్తుండ్రు."

"ఏ ఏడు?" అంది రెబెక్కా.

ఆయన ఒక్కో పేరూ చెప్పాడు. నాలుగో పేరు ఆశేర్. ఆరేళ్ళకే జ్వరంతో పోయిన కరుణ్ తమ్ముడు. కరుణ్ ఫోన్ తీగ పీకి బల్ల మీద పడేసి, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

రెబెక్కా సొరుగులో నుంచి అసలు ఫోటో తీసింది. సున్నం వేసిన సిలువలు, వాటి ముందు కొవ్వొత్తులు, ఎడమ పక్కన తెల్లచొక్కాలో నాన్న. "ఆఫీసుకు పోత బాపూ. ఫోటోను మార్చింది నేనేనని రాసిస్త. అసలుది గూడ ఇస్త."

"గట్ల రాసిచ్చినంక మనకు పనెవడిస్తడు?" అన్నాడు కరుణ్ గోడ వైపే చూస్తూ. మళ్ళీ తనే, "పో. రాసియ్యి. ఆశేర్ గాని పేరు గూడ రాయి," అన్నాడు.

జయశీలన్ కూతురి ముఖం చూడలేదు. "నడువు. సంఘపోళ్ళు ఆడ్నే ఉన్నరు," అని మెట్లు దిగాడు. ఎప్పుడూ ఆమెను స్కూటరు వెనక కూర్చోబెట్టుకునే మనిషి, ఆ పొద్దు ఒక్కడే పోయాడు. ఆమె నడిచే వెళ్ళింది.

మండలాఫీసు ముందు తొండుపల్లి వాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. మరియమ్మ మెట్ల మీద చతికిలబడి ఉంది. రెబెక్కాకు స్వయానా పెద్దమ్మ, కరుణ్‌కూ ఆశేర్‌కూ తల్లి. చేతిలో విరిగిన చెక్కముక్క ఒకటి పట్టుకుంది. దాని మీద నల్లరంగులో సగం పేరు మిగిలింది. రెబెక్కా ఆమె పక్క నుంచి తల దించుకుని లోపలికి పోయింది.

గుమాస్తా ఐలయ్య నిదానస్తుడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"భలే చేసినవమ్మా. అతుకు కనవడ్తనే లేదు," అన్నాడు. ఆయన మెచ్చుకున్నాడో తిట్టాడో ఆమెకు తెలియలేదు. "సరే, రాసియ్యి, ఫైలుల వెడ్త. కని ఫోటోతోని పని గాదు. ఫోటోలు ఎన్నైనా తెస్తరు. అసలు బలం గీ కాగితానిది."

ఫైలు తిప్పి ఆమె వైపు పెట్టాడు.

తొండుపల్లి సంఘం లెటర్‌హెడ్. పైన సిలువ, దాని కింద రెండు గోధుమ కంకులు. ఆ గుర్తు గీసింది రెబెక్కాయే. సంఘం పని కాబట్టి నాలుగు రోజులు కూర్చుని, కొండల్ పనికన్నా శ్రద్ధగా చేసింది. దాని కింద టైపు కొట్టిన ఇంగ్లీషు ఎనిమిది వరసలుంది. సదరు జాగాను సంఘం వాడటం మానేసి చాలా ఏళ్ళయిందని, అక్కడ మిగిలిన రాళ్ళూ కట్టెలూ తీసేయడానికి సంఘానికి అభ్యంతరం లేదని, దారికి ఇస్తే సంతోషమని. ఆ కింద సంతకం.

చదవకముందే ఆమెకు ఆ చెయ్యి తెలిసిపోయింది. ఇంగ్లీషు అక్షరాలే. గీతకు గీత సమంగా, చివర కుంచె ఎత్తినట్టు సన్నబడుతూ, కింద ఒక ఒంపు. జయశీలన్, సంఘ పెద్ద.

నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. శంషాబాద్ నుంచి ఆరాంఘర్ దాకా సగం ఇంగ్లీషు బోర్డులు ఆయన రాసినవే, ఒక్క అక్షరం తప్పు పోకుండా. దుకాణదారు చీటీ మీద రాసిస్తే దాన్ని చూసి బొమ్మ గీసినట్టు గీస్తాడు. దవాఖాన అని ఉందో దర్జీ అని ఉందో ఆయనకు తెలియదు. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంగ్లీషు రాసే పెద్దమనిషని ఊళ్ళో ఉన్న పేరును ఆయన ముప్పై ఏళ్ళుగా కాపాడుకుంటూ వచ్చాడు. కొండల్ కాగితం ముందు పెడితే, చదవడం రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఉంటాడు. చదివినట్టు కళ్ళు తిప్పి, సంతకం పెట్టి ఉంటాడు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. "కొండల్ వచ్చిండు బిడ్డా. నీ పని శాన మంచిగున్నదని సంఘం తరపున ఒక గవాయి కాగితం కావాల్నన్నడు. పెద్ద పెద్ద కంపెనీలోళ్ళు చూస్తరంట. దస్కత్ చేసిచ్చిన." చెబుతూ ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. సంతకం పెట్టిన ఆ కాగితంలో ఏం రాసుందో అడగలేదు. ఆ రోజు ఆమె తలలో కోళ్ళ ఫారం తప్ప ఏమీ లేదు.

అంటే, ఆయన కూతురి కోసం సంతకం పెట్టాడు. కూతురు పని కోసం ఫోటో పెట్టింది. ఇద్దరూ కలిసి అమ్మ రేచల్ సమాధిని కొండల్ చేతిలో పెట్టారు.

"ఈ దస్కత్ వెట్టినాయన ఎవరో తెలుసా నీకు?" అన్నాడు ఐలయ్య.

"తెలుసు."

"జిరాక్స్ కావాల్నా? ఎదురుంగనే తీస్తరు, పోయి తీసుకొని ఫైలు జల్ది తేవాలె. సార్ అడుగుతుండు."

ఆమె నకలు తీసుకుంది. ఫైలు తిరిగి ఇచ్చింది. ఫోటోను తనే మార్చానని తెలుగులో రాసి సంతకం పెట్టింది. ఐలయ్య ఫైలు చంకన పెట్టుకుని ఆఫీసరు గదిలోకి పోయాడు.

బయటికొస్తే అందరూ లేచి నిలబడ్డారు. రెబెక్కా కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"దొరికిందా?" మరియమ్మ గబగబా రెండు మెట్లెక్కింది. "మనోళ్ళల్లనే ఎవడో దస్కత్ వెట్టిండంట బిడ్డా. కొండల్ మనిషి నవ్వుకుంట చెప్పి పోయిండు. అదేనా కాగితం? చదువు. ఎవడు వాడు?"

"పెద్దమ్మా, ఇంటికాడ చెప్త."

"ఇంటికాడేంది? నా కొడుకు ఏడున్నడో నాకు తెల్వకపాయె. వాని కట్టె పట్టుకొని తిరుగుతున్న. ఈడ్నే చెప్పు!"

జయశీలన్ జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు. పొద్దుటి నుంచి లోపల కాలుతున్న కోపానికి ఇప్పుడొక మనిషి దొరికాడు, పేరొక్కటే తెలియాలి. నలుగురూ వినేలా గొంతెత్తాడు.

"చదువు బిడ్డా. నీ తప్పు నువ్వు ఒప్పుకున్నవ్, రాసిచ్చినవ్. అది వేరే. కని తెలిసి తెలిసి దస్కత్ వెట్టినోడు ఎవడైతే ఉన్నడో, సంఘ పెద్దగ చెప్తున్న, వాడు ఇగ సంఘంల ఉండడు. సచ్చినంక గూడ వానికి ఆ తోటల జాగ లేదు. వాని పేరు నేను రాయ. నా కుంచె ముట్టదు."

"ఆమేన్," అన్నారు వెనక ఎవరో.

రేచల్ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. ప్రతి ఈస్టర్‌కూ అక్కడ గడ్డి పీకి, ఇది నాది అని నవ్వుతూ కూర్చునేవాడు జయశీలన్. రెబెక్కా నాన్న ముఖం చూసింది. గడ్డం మీద తెల్లరంగు చుక్క ఎండిపోయి ఉంది. ఆయన ఆమె నోటి వైపే చూస్తున్నాడు. తనకు చదవడం రాని కాగితాన్ని చదివిపెట్టే కూతురు కదా.

నిజం చెబితే నాన్న బతికుండగానే పోతాడు. చెప్పకపోతే ఇంకెవరో ఒకరు చదువుతారు, ఇవాళ కాకపోతే రేపు. ఆ రేపటి దాకానైనా ఆయన్ని నిలబెట్టాలనిపించింది. అది మంచో చెడో తూచుకునే తీరిక లేదు.

"నాదే," అంది.

"ఏంది?"

"దస్కత్ నాదే బాపూ. ఫోటోకు నేనే, కాగితానికి గూడ నేనే. కొండల్ అడిగిండు, వెట్టిన."

మరియమ్మ చేతిలోని చెక్కముక్కను రొమ్ముకు హత్తుకుంది. రెబెక్కాను కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కడుగు వెనక్కి వేసింది, అంతే. పుట్టినప్పటి నుంచి ఎత్తుకు పెంచిన పెద్దమ్మ తన నుంచి అలా జరగడం రెబెక్కా మొదటిసారి చూసింది. ఏడుపొచ్చింది. ఆపుకుంది.

ఇందాక అన్నమాట ఎవరి మీద పడిందో జయశీలన్‌కు ఇప్పుడు తెలిసింది. సంఘమంతా ఆయన వైపే చూస్తోంది. వెనక్కి తీసుకోవడానికి లేదు.

"అన్న మాట అన్నట్టే," అన్నాడు చివరికి. "మీ అమ్మ కాడికి నువ్వు ఇగ రావద్దు."

"సరే బాపూ."

ఆయన తిరిగి మెట్లు దిగబోయాడు. జనం దారిచ్చారు. అప్పుడు లోపలి నుంచి ఐలయ్య వాకిట్లోకొచ్చాడు. ఫైలు తెరిచే ఉంది, వేలు ఆ సంతకం మీదే ఉంది.

"సంఘ పెద్ద జయశీలన్ ఎవరయ్యా ఇండ్ల? ఈ కాగితం మీద దస్కత్ నీదేనా కాదా, సార్ అడుగుతుండు. జర లోపలికి రా."